మడత చాకుకి పిడి దేనితో ఉండాలి?

(రాజమహేంద్రవరంలో తోటపని చేసేవారి సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం అండి. కడియం నర్సరీల నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు, మేడ మీద మొక్కలు పెంచుకునేవాళ్ళు ఉన్నారు, వెనక వరసలో కొండలెక్కే కుర్రాళ్ళు కూడా కనిపిస్తున్నారు. మీ అందరి జేబులో ఉండే వస్తువు గురించే మాట్లాడతాను. మడత చాకు. అందులోనూ బ్లేడు గురించి కాదు. ఏ ఉక్కు మంచిది, ఎంత గట్టిగా ఉండాలి, ఏ రాయి మీద పదును పెట్టాలి, ఇవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పిడి సంగతి అడిగితే మాత్రం, "అది మీ ఇష్టమండీ, చూడ్డానికి ఏది బాగుంటే అది తీసుకోండి" అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పడానికే వచ్చాను.

వంటింట్లో కూరగాయలు కోసే చాకు తీసుకోండి. దాని పిడి చీలిందనుకోండి. ఏం చేస్తాం? గుడ్డ చుట్టి పని కానిస్తాం. మడత చాకు పిడి చీలితే? గుడ్డ చుడితే మూయడం ఎలా? బ్లేడు తిరిగే రివిట్టు పిడిలోనే ఉంది. స్ప్రింగు పిడిలోనే ఉంది. లాక్ ఉంటే అదీ పిడిలోనే ఉంది. మూసి జేబులో వేసుకున్నప్పుడు ఆ పదును మన తొడకి తగలకుండా ఆపుతున్నదీ పిడే. అంటే మామూలు చాకుకి పిడి పట్టుకోవడానికి. మడత చాకుకి పిడి అంటే పట్టుకునేదీ అదే, యంత్రాన్ని మోసేదీ అదే. ఈ రెండో పనిని మర్చిపోయి అందం చూసి కొంటాం. అక్కడే ఇబ్బంది మొదలవుతుంది.

చెక్కతో మొదలుపెడతాను. చేతికి చెక్క ఇచ్చే హాయి ఇంకేదీ ఇవ్వదు, అందులో నాకు అనుమానం లేదు. ఎండలో కాలదు, చలిలో చల్లబడదు, వాడిన కొద్దీ నునుపెక్కుతుంది. కానీ చెక్క నీళ్ళు తాగుతుంది. వానాకాలంలో తలుపు బిగుసుకుపోయి కింద రాసుకోవడం మనందరికీ తెలిసిందే కదా? అదే పని మీ జేబులోని పిడీ చేస్తుంది.

ఫ్రాన్స్‌లో ఒపినెల్ అని ఒక చాకు ఉంది. సావోయ్ అనే కొండప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టాడు. ఇప్పటికీ దాదాపు అదే రూపం. బీచ్ అనే చెట్టు చెక్క ముక్క ఒక్కటి, దానికి మధ్యలో కోసిన గాడి, ఆ గాడిలో బ్లేడు. లోపల రేకులు లేవు, స్ప్రింగు లేదు. బ్లేడు కదలకుండా ఆపే ఉక్కు రింగు కూడా 1955లోనే వచ్చింది. చవక, తేలిక, చక్కగా తెగుతుంది. నాకు చాలా ఇష్టమైన చాకు. కానీ తడిస్తే ఆ బీచ్ చెక్క ఉబ్బుతుంది, గాడి మూసుకుంటుంది, బ్లేడు బయటికి రాదు. అప్పుడు సావోయ్ రైతులు ఏం చేస్తారో తెలుసా? పిడి వెనక భాగాన్ని బల్ల మీద టక్కున కొడతారు. బ్లేడు కాస్త ముందుకొస్తుంది, గోటితో లాగుతారు. ఆ దెబ్బకి 'సావోయ్ దెబ్బ' అని పేరే ఉంది. ముచ్చటగానే ఉంటుంది. కానీ ఒక చేత్తో కొమ్మ పట్టుకుని, రెండో చేయి బురదగా ఉన్నప్పుడు, చుట్టూ బల్ల లేనప్పుడు? అంటు కట్టేవాళ్ళకి ఆ దెబ్బతో పని జరగదు.

ఎంత ఉబ్బుతుందో లెక్క చూద్దాం. చెక్క పొడవు వెంట దాదాపు కదలదు. అడ్డంగా కదులుతుంది. చెక్కలో తేమ ఒక శాతం మారితే అడ్డంగా సుమారు పావు శాతం మారుతుంది అనుకోండి, చెట్టును బట్టి కాస్త అటూ ఇటూ. ఎండాకాలంలో బాగా ఆరిన పిడిలో ఎనిమిది శాతం తేమ ఉంది, వానల్లో పదహారుకి పోయింది. ఎనిమిది శాతం తేడా. పిడి వెడల్పు 20 మిల్లీమీటర్లయితే కదలిక 0.4 మిల్లీమీటర్లు. అంతేనా, అంటారా? బ్లేడుకీ గాడికీ మధ్య ఉండే సందు కొన్ని చాకుల్లో అంతకన్నా తక్కువండి! బీచ్ అయితే ఇంకా ఎక్కువే కదులుతుంది.

ఇక్కడ మనకి ఒక మంచి సంగతి ఉంది. పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి బీచ్ ఎంత కుంచించుకుపోతుందో, మన టేకు అందులో సగం కూడా కుంచించుకోదు. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. అంటే ఉబ్బడం అనే ఒక్క విషయంలో ఆ ఫ్రెంచి చెక్క కంటే మన వడ్రంగి షాపులో కింద పడి ఉండే టేకు ముక్క మేలు. కాకపోతే టేకు మరీ గట్టిది కాదు, జేబులో తాళాల గుత్తితో కలిపి పెడితే గీతలు పడతాయి. జిట్రేగి, అదే రోజ్‌వుడ్, గట్టిదీ, నిలకడైనదీ. పాత మంచాల కోళ్ళు, విరిగిన కుర్చీల ముక్కలు దొరికితే వదలకండి. నల్లతుమ్మ గట్టిదే, నాగళ్ళకీ బండ్లకీ వాడినదే, కానీ బాగా ఆరిన ముక్క అయితేనే తీసుకోండి. తునికి చెట్టు మధ్యలో ఉండే నల్లటి చేవ చూడ్డానికి అద్భుతం, కానీ ఎండేటప్పుడు పగుళ్ళిస్తుంది. సన్నగా కోసి రంధ్రం వేస్తే ఆ రంధ్రం దగ్గరే చీలే ప్రమాదం ఉంది. ఎర్రచందనం గురించి ఎవరో అడగబోతున్నారు, చేయి ఎత్తారు. అడగకముందే చెబుతానమ్మా. కాగితాలు లేని ఎర్రచందనం ముక్క ఎవరు ఎంత ప్రేమగా ఇచ్చినా తీసుకోకండి. అది అటవీ చట్టం కిందకి వస్తుంది. చాకు పిడి కోసం కేసు ఎందుకు?

మరి చెక్క పిడి వద్దని చెబుతున్నానా? కాదు. చెక్క ఒంటరిగా యంత్రాన్ని మోయకూడదు అంటున్నాను. జర్మనీలో రాయిట్‌లింగెన్ ఊళ్ళో టీనా అనే సంస్థ అంటు కత్తులు చేస్తుంది. ప్రపంచమంతా నర్సరీలవాళ్ళు వాడతారు. వాటి పిడి వాల్‌నట్ చెక్కే. కానీ చెక్కకి లోపల రెండు వైపులా ఇత్తడి రేకులు ఉంటాయి. బ్లేడు తిరిగేది ఆ రేకుల మధ్య. చెక్క బయట ఉంటుంది, ఉబ్బినా బయటికి ఉబ్బుతుంది, బ్లేడుకి తెలియదు. కాబట్టి చెక్క పిడి చాకు కొనేటప్పుడు దాన్ని తెరిచి, గాడిలోకి వెలుతురు పడేలా పట్టుకుని చూడండి. లోపల రెండు వైపులా లోహపు రేకు కనిపించిందా? కనిపిస్తే ధైర్యంగా తీసుకోండి. కనిపించకపోతే అది పొడి పనులకే అనుకోండి.

చెక్కకి నూనె పెట్టాలి. ఏ నూనె? అవిసె నూనె. ఇంట్లో ఉంది కదా అని నువ్వుల నూనె, కొబ్బరి నూనె రాయకండి. అవి ఆరవు, జిడ్డుగా ఉండిపోయి మట్టి పట్టిస్తాయి. అవిసె నూనె గాలికి గట్టిపడి పూతలా మారుతుంది. పలచగా రాయండి, మిగిలింది తుడిచేయండి, ఆరాక మళ్ళీ రాయండి. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఆ తుడిచిన గుడ్డ ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండచుట్టిన గుడ్డకి దానంతటదే మంట అంటుకోవచ్చు. నీళ్ళలో తడిపి, పరిచి ఆరబెట్టి, అప్పుడు పారేయండి. ఇంకొకటి, అంటు కట్టేవాళ్ళు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి తెగులు పాకకుండా బ్లేడుని స్పిరిట్‌తో తుడుస్తారు. మంచి అలవాటే. అయితే లక్క పాలిష్ స్పిరిట్‌లో కరిగిపోతుంది. లక్క పాలిష్ ఉన్న పిడి నాలుగు రోజుల్లో జిగురు జిగురుగా తయారవుతుంది. మీ పనికి లక్క పాలిష్ వద్దు.

ఇప్పుడు ఒక కథ చెబుతాను. ఒకే చాకు, నాలుగు పిడులు. స్విట్జర్లాండ్ సైన్యం తన సిపాయిలకి ఇచ్చే మడత చాకు. దాని మొదటి నమూనా 1890ది. దానికి నల్లగా చేసిన ఓక్ చెక్క పిడి. సిపాయి బతుకు ఎలా ఉంటుంది? మంచు, వాన, బురద, చెమట. చెక్క పగలడం మొదలుపెట్టింది. 1908 నమూనాకి వచ్చేసరికి చెక్క తీసేసి ఫైబర్ పెట్టారు, అంటే కాగితం పొరల్ని రసాయనంతో గట్టిపరిచిన పలక. 1961లో అదీ తీసేసి అల్యూమినియం రేకు పెట్టారు, పట్టు జారకుండా దాని మీద చిన్న చిన్న గళ్ళు నొక్కారు. 2008 నమూనాకి ఆకుపచ్చ ప్లాస్టిక్, దానిలో వేళ్ళు ఆనే చోట మెత్తటి నల్ల పట్టు. చూశారా? దాదాపు 120 ఏళ్ళు ఒకే సైన్యం, ఒకే అవసరం. మొదటిసారి మార్చింది చెక్క పగులుతోందని. చివరిసారి మారినప్పుడు ఒక్క చేత్తో తెరవడం, జారకుండా పట్టుకోవడం ముఖ్యమయ్యాయి. అందం కోసం మార్చిన దాఖలా ఎక్కడుంది ఇందులో? నాకు ఈ కథలో నచ్చేది అదే. వాడేవాళ్ళ చేతులు చెప్పింది విని మార్చారు.

అదే దేశపు ఎర్ర చాకు మీలో చాలామంది దగ్గర ఉంటుంది, అమెరికా నుంచో దుబాయ్ నుంచో వచ్చినవాళ్ళు తెచ్చి ఇస్తారు. దాని ఎర్రటి పిడి సెల్లిడోర్ అనే ప్లాస్టిక్. అందంగా ఉంటుంది, పగిలితే లోపలి రివిట్ల తలల మీద కొత్తది నొక్కేసుకోవచ్చు, స్క్రూలు కూడా అక్కర్లేదు. కానీ నునుపు. సబ్బు చేతికి, మామిడి సొన అంటిన చేతికి జారుతుంది. ఉత్తరాలు చింపడానికి, పండు కోసుకోవడానికి బంగారం లాంటి చాకు. తోటలో వద్దు.

కొమ్ము, ఎముకల గురించి క్లుప్తంగా చెబుతాను. గేదె కొమ్ము మన గోళ్ళ జాతి పదార్థమే, కెరటిన్. వేడి చేస్తే మెత్తబడి వంగుతుంది, అందుకే దానితో దువ్వెనలు, బొమ్మలు చేస్తారు. మన సరిహద్దు అవతల పర్లాకిమిడిలో, ఉత్తరప్రదేశ్‌లోని సంభల్‌లో కొమ్ము పనిచేసే కుటుంబాలు ఉన్నాయి. ఆ పనితనం చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ వేడికి వంగేదంటే, కారులో ఎండకి వదిలేసినా వంకర పోవచ్చు. తడిస్తే పొరలు విడుతుంది. పురుగులు కూడా తింటాయి. ఎముక వంకర పోదు, కానీ సిమెంటు గచ్చు మీద పడితే చిట్లుతుంది. కణితి, అంటే సాంబరు జింక, దాని కొమ్ము, ఏనుగు దంతం అనే మాటే వద్దు. ఒకప్పుడు మన కణితి కొమ్ములు ఇంగ్లండు, జర్మనీ చాకులకి పిడులుగా వెళ్ళేవి. 1972 వన్యప్రాణి చట్టం, దాని తర్వాత వచ్చిన నిషేధాలు ఆ వ్యాపారాన్ని ఆపేశాయి. ఆపడమే సరైనది. తాతగారి పాత చాకు ఇంట్లో ఉంటే, పిడి నుంచి కర్పూరం వాసన వస్తుంటే, అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ కావచ్చు. దాన్ని వేరే చాకులతో కలిపి డబ్బాలో మూసి పెట్టకండి. పాతబడిన సెల్యులాయిడ్ వదిలే ఆవిరి పక్కనున్న ఉక్కుకి కూడా తుప్పు పట్టిస్తుంది. నిప్పుకి దూరంగా ఉంచండి, త్వరగా అంటుకుంటుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన దగ్గరికి వచ్చాను. ఇక్కడ ఎలక్ట్రీషియన్లు ఎవరైనా ఉన్నారా? ఆ, ఉన్నారు. బాబూ, పాత స్విచ్ బోర్డుకి పైన బిగించే పలక పేరేంటి? హైలం షీటు! విన్నారుగా. హైదరాబాద్‌లో తయారై ఊరూరా ఇళ్ళల్లోకి వెళ్ళిన షీటు. అదెలా చేస్తారు? కాగితమో గుడ్డో పొరలు పొరలుగా పేర్చి, బేకలైట్ జాతి రెసిన్‌లో, అంటే వేడికి గట్టిపడే జిగురులో ముంచి, వేడి మీద బలంగా నొక్కుతారు. పొరలన్నీ కలిసి ఒక్క పలక అయిపోతుంది. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ 1910 ప్రాంతంలో కరెంటు పనుల కోసమే ఇలాంటి పలక చేసి మైకార్టా అని పేరు పెట్టింది. ఇవాళ ఖరీదైన అమెరికా చాకుల మీద 'మైకార్టా పిడి' అని గొప్పగా రాసి అమ్ముతారు. పద్ధతి అదే అండి. మనింటి స్విచ్ బోర్డు జాతే!

దీనిలో ఏముంది అంత? నీళ్ళకి చెక్కలా ఉబ్బదు. రంపంతో కోయవచ్చు, ఆకురాయితో రుద్దవచ్చు, డ్రిల్లు పెట్టవచ్చు, చీలదు. వేడి పట్టదు, చలి పట్టదు. గుడ్డ పొరలతో చేసింది అయితే, పాలిష్ చేయకుండా గరుకుగా వదిలేస్తే, తడిసినప్పుడు ఇంకా బాగా పట్టు ఇస్తుంది. పొడిగా ఉన్నప్పటి కంటే తడిగా ఉన్నప్పుడు మెరుగు! నీళ్ళు, సొన, బురద మధ్య పనిచేసేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? కొన్నాళ్ళకి చేతి చెమటకి రంగు ముదురుతుంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు, చెక్క అందం కొంత దీనికీ వస్తుంది. షీటు కొనేటప్పుడు గుడ్డ పొరలదే అడగండి, కాగితం పొరలది అంచుల దగ్గర పెచ్చులు రేగుతుంది.

గుడ్డ బదులు గాజు పీచు, బేకలైట్ బదులు ఎపాక్సీ అనే ఇంకో రెసిన్ పెడితే వచ్చే పలక పేరు జీ-10. కంప్యూటర్ లోపల ఆకుపచ్చ బోర్డు ఉంటుంది చూడండి, దాని కుటుంబమే. ఇంకా బలం, ఇంకా నిలకడ. పట్టు కోసం గరుకుగా చేస్తారు, ఆ గరుకు ప్యాంటు జేబు అంచుని కొన్నాళ్ళలో తినేస్తుంది. జేబు లోపల తగిలే భాగాన్ని కాస్త రుద్దుకుంటే సరిపోతుంది. కానీ రుద్దేటప్పుడు, ఇది జీ-10కీ హైలంకీ రెండింటికీ చెబుతున్నాను, మాస్కు లేకుండా రుద్దవద్దు. నీళ్ళు పోసి రుద్దండి. గాజు పొడి, రెసిన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రావు. జిట్రేగి పొడి కూడా కొంతమందికి దద్దుర్లు తెప్పిస్తుంది.

లోహాలకి వస్తే, మొదట బరువు చూడండి. పది సెంటీమీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న పలకలు రెండు, పిడికి రెండు వైపులా. మొత్తం 15 ఘన సెంటీమీటర్లు. ఇత్తడితో చేస్తే దాదాపు 127 గ్రాములు. ఉక్కుతో 117. టైటానియంతో 67. అల్యూమినియంతో 40. జీ-10తో 28, గుడ్డ హైలంతో 21, టేకుతో 10 గ్రాములు. చొక్కా జేబులో వేసుకునేవాళ్ళకి ఈ తేడా రోజంతా తెలుస్తుంది. జపాన్‌లోని మికి అనే ఊళ్ళో హిగోనోకామి అనే చాకు చేస్తారు, ఒక్క ఇత్తడి రేకునో ఇనప రేకునో మడిచి పిడి చేసేస్తారు. ఉబ్బేది లేదు, చీలేది లేదు, లోపల లాక్ కూడా లేదు, బొటనవేలితో తోకని నొక్కి పట్టుకోవడమే. ఇంత తక్కువతో ఇంత పని జరిగే వస్తువు చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. అయినా రోజంతా అంటు కట్టడానికి ఆ సన్నటి రేకు అరచేతిని నొప్పి పెడుతుంది.

మన వాతావరణంలో లోహంతో ఇంకో సమస్య ఎండ. మే నెలలో గట్టు మీద పెట్టిన అల్యూమినియం చాకు పట్టుకున్నారా? అల్యూమినియం వేడిని టైటానియం మిశ్రమం కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా మోస్తుంది. రెండూ ఒకే ఎండలో ఉన్నా, ఒకటి చుర్రుమంటుంది, ఇంకొకటి అంత అనిపించదు. టైటానియం ఉప్పు గాలికి కూడా తుప్పు పట్టదు. కాకినాడ, భీమిలి వైపు సముద్రం పక్కన ఉండేవాళ్ళకి, చేపల పనిలో ఉండేవాళ్ళకి, డబ్బు పెట్టగలిగితే దానికి మించింది లేదు. పెట్టలేకపోతే గాజు పీచు కలిపిన నైలాన్ చూడండి. అచ్చు చేయడానికే ఖర్చు, తర్వాత ఒక్కొక్క పిడి పైసల్లో వస్తుంది. 1990 నుంచి స్పైడెర్కో లాంటి కంపెనీలు దీన్ని బాగా వాడుకలోకి తెచ్చాయి. చేతికి కాస్త బోలుగా, ప్లాస్టిక్ లాగా అనిపిస్తుంది, నిజమే. కానీ పడేసినా, తడిపినా, కడిగినా దానికి ఏమీ కాదు.

ఇన్ని చెప్పాక ఏది కొనాలండీ అంటే, నా మాట నేను దాచను. గోదావరి జిల్లాల తేమలో, నర్సరీ పనికి, లోపల స్టీలు రేకులు ఉండి బయట గుడ్డ పొరల హైలం ఉన్న పిడి. మొదటి స్థానం దానిదే. అది మార్కెట్లో తయారుగా దొరక్కపోతే, స్క్రూలతో బిగించిన పిడి ఉన్న చాకు కొనండి. రివిట్లతో కాదు, స్క్రూలతో. పాత పలక విప్పి, దాన్నే కొలతగా పెట్టుకుని, హైలం షీటు కోసి, రంధ్రాలు వేసి బిగించుకోవచ్చు. ఇంటి దగ్గర ఆకురాయి, చేతి డ్రిల్లు ఉన్నవాళ్ళు ఎవరైనా చేయగలరు. ఒక్క జాగ్రత్త, కొత్త పలక మందం పాతదానితో సమానంగా ఉండాలి, లేకపోతే స్క్రూ పొడవు చాలదు, లేదా లోపలికి పొడుచుకొచ్చి బ్లేడుకి రాసుకుంటుంది. చెక్క మీద మనసున్నవాళ్ళు ఇదే పద్ధతిలో టేకు, జిట్రేగి బిగించుకోండి, లోపల రేకు ఉంటే చాలు. మేడ మీద నాలుగు కుండీలు ఉన్నవాళ్ళకి నైలాన్ పిడి చాలు, ఎక్కువ ఖర్చు పెట్టకండి. కొండలెక్కే కుర్రాళ్ళూ, మీకు బరువు ముఖ్యం, వానా ముఖ్యం. జీ-10 చూసుకోండి.

ఆ బల్ల మీద అన్ని రకాల పిడులూ పెట్టాను. బ్లేడులు తీసేసి ఉన్నాయి, భయం లేదు. పక్కన బకెట్లో సబ్బు నీళ్ళున్నాయి. ఒక్కొక్కరూ చేతులు తడుపుకుని, తుడుచుకోకుండా పట్టుకుని చూడండి. ఎడమచేతి వాటం వాళ్ళు ఎడమచేత్తోనే చూడండి. ఆ తర్వాత ప్రశ్నలు అడగండి, ఎంతసేపైనా ఉంటాను.